ఒక చేప, నాలుగు అరలు

పరిశోధనలో చేరిన మొదటి వారంలో మా అమ్మ ఒక ప్రశ్న అడిగింది. హార్బర్‌లో వేలం పాడుకొచ్చిన చేపల్ని తట్టలో సర్దుకుంటూ తలెత్తి, "సచ్చిపోయిన సేపలోన నాలుగేళ్ళు ఏటి సదువుతావే?" అంది. ఎగతాళి కాదు, తెలుసుకుందామనే అడిగింది. అప్పటికి తోచింది చెప్పాను. అది జవాబు కాదని తెలియడానికి నాకు ఆ నాలుగేళ్ళూ పట్టాయి.

మాది విశాఖపట్నంలో జాలారిపేట. తాతది తెప్ప, నాన్నది ఇంజను పడవ, అమ్మది తట్ట. అమ్మ తెల్లారకముందే హార్బర్‌కు వెళ్ళి, పొద్దెక్కేసరికి పూర్ణా మార్కెట్ దగ్గర కూర్చునేది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే మొదలు. జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధనకు కానగుర్తను ఎంచుకున్నాను. ఇంగ్లిషు పుస్తకాల్లో దాన్ని ఇండియన్ మాకెరెల్ అంటారు. మా తీరంలో కానగుర్త, కానగడత, కానాగంత అని పేటకో పలుకు. జానెడు చేప. వీపు మీద నీలం, పచ్చ కలిసిన నిగనిగ, దాని పక్కన నల్లచుక్కల వరస. ఖరీదైన చేప కాదు. వంజరం, చందువా కొనలేని ఇళ్ళలో ఆదివారం ఉడికేది ఇదే.

లైబ్రరీలో పుస్తకాలు తీసిచ్చే పెద్దాయన దగ్గరకెళ్ళి చేపల పుస్తకాలెక్కడున్నాయని అడిగాను. "ఏ చేపమ్మా? బతికిన చేపా, పట్టిన చేపా, వండిన చేపా?" అన్నాడు. బిక్కమొహం వేశాను. "మొదటిది 597. రెండోది 639. మూడోది 641. దణ్ణం పెట్టుకునే చేపైతే పైఅంతస్తులో, 294.5" అని నవ్వాడు.

మెల్విల్ డ్యూయీ 1876లో విద్యలన్నిటినీ అంకెలుగా విడగొట్టిన పద్ధతి అది. జంతుశాస్త్రంలో చేప ఒక చోట, వేటలోనూ పెంపకంలోనూ ఒక చోట, వంటలో ఒక చోట, మతంలో ఒక చోట. పుస్తకాలు వెతుక్కోవడానికి అది బాగానే పనికొచ్చింది. కానీ అమ్మ తట్టలో ఉన్నది ఒకటే చేప. ఆ నాలుగు అరల మధ్య తిరిగిన నాలుగేళ్ళలో అమ్మ ప్రశ్న నాలో ఇంకో రూపం తీసుకుంది. ఒక ప్రాణిని తెలుసుకోవడమంటే ఏమిటి? తెలుసుకున్నవాడు ఆ ప్రాణికి ఏమైనా బాకీ పడతాడా?

మొదట 597 అర. నా పని అక్కడే ఎక్కువ. హార్బర్‌లో కొన్న చేపను కొలవాలి, తూచాలి, పొట్ట కోసి గుడ్ల సంచి ఏ దశలో ఉందో రాయాలి, మొప్పల ముళ్ళు లెక్కపెట్టాలి. తర్వాత ఫార్మలిన్ సీసా. అందులో వేసిన కొన్నాళ్ళకే వీపు మీది నీలం పోతుంది, పచ్చ పోతుంది. పాలిపోయిన చేప, సీసా మీద చీటీ, చీటీ మీద రెండు మాటల లాటిన్ పేరు మిగులుతాయి. అది చంపడం కాదా అని ఎవరైనా అడిగితే, నేను చంపలేదు, చచ్చినదాన్ని కొన్నాను అనేదాన్ని. ఆ మాట ఎక్కడో విన్నట్టుండేది. ఎక్కడో తర్వాత గుర్తొచ్చింది.

ఆ చీటీ మీది పేరు రాస్ట్రెల్లిజర్ కానగుర్త. లాటిన్ పేరులో మా పేట మాట ఎలా దూరిందని వెతుక్కుంటూ పోతే ప్యాట్రిక్ రస్సెల్ దొరికాడు. ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు. చాలా ఏళ్ళు సిరియాలోని అలెప్పోలో వైద్యం చేసి, తమ్ముడికి తోడుగా ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నానికి వచ్చాడు. ఇక్కడి పాముల మీద 1796లో ఒక పుస్తకం, విశాఖలో సేకరించిన 200 చేపల మీద 1803లో రెండు సంపుటాలు లండన్‌లో అచ్చువేశాడు. రక్తపింజరికి శాస్త్రంలో ఉన్నది ఆయన పేరే. రెండు శతాబ్దాల కిందటి ఆ చేపల పుస్తకాన్ని లైబ్రరీలోని కంప్యూటర్ మీద, స్కాన్ చేసిన పుటలుగా చూశాను.

ఒక్కొక్క బొమ్మ దాటుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇంగ్లిషు అక్షరాల్లో మా వాళ్ళ మాటలు. పాలసొర, తోలుపార, తిమిరి. తిమిరి అంటే ముట్టుకుంటే షాక్ కొట్టే టేకు చేప. దానిలో కరెంటు ఎలా పుడుతుందో శాస్త్రం తేల్చకముందే, చెయ్యి తిమ్మిరెక్కినవాడు దానికి ఆ పేరు పెట్టేశాడు. ఆ పుటల మధ్యలోనే కానగుర్త.

ఫ్రాన్సులో కూర్చున్న జంతుశాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఆ మాటనే తీసుకుని ఈ జాతికి పేరుగా ఖాయం చేశాడు. ఆయన మా కానగుర్తను చేతిలోకి తీసుకోలేదు. ఆయనకు ఆధారం రస్సెల్ పుస్తకంలోని బొమ్మ, దాని పక్కనున్న పేరు. పేరుకు ఆధారంగా దాచిపెట్టిన చేప ఏ మ్యూజియంలోనూ లేదు. ప్రపంచంలో ఈ చేప ఎక్కడ పట్టినా ఆ పేరుకు పుట్టిల్లు విశాఖపట్నమే.

మన వేదాంతులు ఈ జగత్తంతా నామరూపాలే అంటారు. తెలుగులో నామరూపాలు లేకుండా పోయిందంటే పూర్తిగా నాశనమైందని. రస్సెల్ కానగుర్త సంగతి దానికి తలకిందులు. చేప పోయింది, నామం, రూపం మాత్రమే మిగిలాయి. నామరూపాలు లేకుండా పోయినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ రూపం గీసిన మన దేశపు చిత్రకారుడి పేరు పుస్తకం మొదటి పుటలో లేదు. ఆ నామం చెప్పిన జాలరి ఎవరో అసలే తెలియదు. ఏదో ఒక ఉదయం వల దులుపుతూ, "దీన్నేమంటారు?" అన్న దొరకు ఒకే ఒక్క మాట చెప్పి ఉంటాడు. ఆ మాట చెప్పింది మా తాతల్లో ఎవరో అయ్యుండవచ్చు, కాకపోవచ్చు. నా చీటీ మీద ఉన్నది అతని మాట. నేను అతనికి బాకీ ఉన్నానని మొదటిసారి అనిపించింది అక్కడే.

639 అరలో చేప అంకెలైపోతుంది. ఎన్ని టన్నులు పట్టారు, ఎంత వలకన్నుకు ఎంత పొడుగు చేప చిక్కింది, ఏ వయసు చేపలు ఎన్ని. మొదట్లో విసుగ్గా ఉండేది. ఆ అంకెల వెనక మనిషి ఆకలి ఉందని చూపించింది నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ హ్యోర్ట్. ఆయన 1914లో రాసిన గ్రంథం అడిగిన ప్రశ్న మా నాన్న రోజూ అడిగేదే. ఒక ఏడు వల తెగేట్టు పడి, ఇంకో ఏడు ఖాళీగా ఎందుకు వస్తుంది? చేప దారి మార్చుకుని ఎటో పోయిందని అప్పటివాళ్ళు అనుకునేవారు. హ్యోర్ట్ హెర్రింగ్ చేప పొలుసు మీది వలయాలు లెక్కపెట్టించి వయసు కట్టాడు. 1904లో పుట్టిన ఒక్క తరమే ఆ తర్వాత ఏళ్ళ తరబడి వలల్ని నింపిందని తేలింది. చేప ఎక్కడికీ పోలేదు. కొన్ని ఏళ్ళలో పిల్లలు బతికాయి, కొన్ని ఏళ్ళలో బతకలేదు. గుడ్డులోని సొన అయిపోయి, పిల్ల తొలిసారి సొంతంగా నోరు తెరిచే ఆ కొద్ది రోజుల్లోనే ఆ ఏటి తరం రాత నిర్ణయమవుతుందని ఆయన ఊహించాడు. ఆ ఊహ మీద శాస్త్రజ్ఞుల వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ పుస్తకం చదివిన వారమే అమ్మతో హార్బర్‌కు వెళ్ళాను. కుప్పలు చూస్తూ నడుస్తున్నది ఒక చోట ఆగిపోయింది. వేలెడేసి కానగుర్తలు. "పిల్లలు దిగిపోనాయే. ఇయ్యాల ఇవి తట్టకెక్కితే వచ్చే యేడు తట్టలోకి ఏటొస్తాది?" అంది. హ్యోర్ట్ పేరు ఆమె వినలేదు. ఆయన ఆందోళన మాత్రం ఆమె మొహం మీద ఉంది.

641 అర దగ్గర నాకు పనిలేదనుకునేదాన్ని. వంట పుస్తకాలు. కానీ ఆ అర అసలు గురువు మా అమ్మే అని ఒకరోజు తెలిసింది. గుడ్ల దశ సరిగ్గా చెప్పాలంటే చేప తాజాగా ఉండాలి. నేను మధ్యాహ్నం వేళ మార్కెట్లో ఒక కుప్ప కొనుక్కొచ్చి ఇంట్లో సర్దుకుంటున్నాను. అమ్మ ఒకదాని మొప్ప ఎత్తి చూసింది. వేలితో పొట్ట నొక్కింది. "ఇది రాత్రిది కాదే, మొన్నటిది. ఐసులో ఉంచి అమ్మినాడు" అంది. మొప్ప ఎర్రన పోయి గోధుమ రంగుకు తిరిగింది, నాకు కనపడలేదు. అంతకుముందు అదే చోట కొన్న చేపల మీద రాసుకున్న నెల రోజుల లెక్కలు కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి నా పరిశోధన తెల్లవారుజామున అమ్మతో పాటు లేచింది.

నేను చంపలేదు, కొన్నాను అన్న మాట ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తొచ్చింది. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టుకింద వేదం వల్లిస్తుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, కొంగ చచ్చిపడింది. భిక్షకు వెళ్ళిన ఇంటి ఇల్లాలు ఆ సంగతి పట్టేసి, ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్మేవాడి దగ్గరకు వెళ్ళమంది. కొట్టులో కూర్చున్న ధర్మవ్యాధుడు, తాను చంపనని, ఇతరులు చంపినదాన్ని అమ్ముతానని చెప్పాడు. అంతటితో తప్పించుకోలేదు. నాగలి దున్నేవాడి కాళ్ళకిందా ప్రాణులు చస్తాయని, హింస లేని బతుకు లేదని, అందుకే చేసే పనిని మర్యాద తప్పకుండా చేయాలని చెప్పాడు.

ఈ కథను మాకు కులవృత్తిని సమర్థించే కథగా చెప్పేవారు. నాకిప్పుడు దానిలో ఇంకో ముక్క పెద్దగా కనిపిస్తుంది. చదువుకున్నవాడి చూపుకు ఒక పక్షి చచ్చిపడింది. ఆ చదువుకు ప్రాయశ్చిత్తం గ్రంథంలో దొరకలేదు, అంగట్లో దొరికింది. నా చూపుకు ఎన్ని కానగుర్తలు సీసాల్లోకి వెళ్ళాయో నా నోటుపుస్తకానికి తెలుసు. నన్ను అంగడికి పంపిన ఇల్లాలు, అక్కడ కూర్చున్న ధర్మవ్యాధుడు, ఇద్దరూ మా అమ్మే.

చివరి ఏడు పైఅంతస్తుకెళ్ళాను. 294.5లో మొదట చేతికందింది భాగవతం. ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల్లో చేపను కూడా చెబుతాడు. నాలుక ఆశకు లొంగి గాలానికి చిక్కుతుంది కనుక, రుచిని గెలవమని పాఠం. నాకు నవ్వొచ్చింది. ఆయన చూసింది గాలానికి పడే చేపను. మా కానగుర్త నోరు తెరుచుకుని ఈదుతూ, నీటిలోని కంటికానని జీవాల్ని మొప్పల ముళ్ళతో వడగట్టుకు తింటుంది. వలకన్నులో తల దూరి, మొప్పలు తట్టుకుని ఆగిపోతుంది. అది ఏ ఆశకూ లొంగి చావలేదు. దాని దారిలో మేం వల కట్టాం, అంతే. ప్రాణిని గురువంటూనే, దాని చావుకు దాన్నే తప్పుపట్టే చదువు నాకు రుచించలేదు.

అప్పుడు శతపథ బ్రాహ్మణం తీశాను. ఎగ్గెలింగ్ ఇంగ్లిషులోకి తెచ్చిన మొదటి సంపుటం, 1882 నాటిది. పొద్దున్నే చేతులు కడుక్కుంటున్న మనువు చేతుల్లోకి ఒక చిన్న చేప వస్తుంది. నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతాను అంటుంది. చిన్నగా ఉన్నంతకాలం మాకు చావు ఎక్కువ, చేపను చేపే మింగుతుంది అని కారణం చెబుతుంది. మనువు దాన్ని కుండలో పెంచాడు. కుండ చాలకపోతే గుంట తవ్వి అందులో వేశాడు. గుంటా చాలకపోతే సముద్రంలో వదిలాడు. తర్వాత వరదలో ఆ చేపే అతని ఓడను లాగి ఒడ్డు చేర్చింది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చిన్నతనంలో చావు ఎక్కువ అన్న ఆ మాట చదవగానే కిందఅంతస్తులోని హ్యోర్ట్, హార్బర్‌లో కుప్ప దగ్గర ఆగిపోయిన అమ్మ ఒక్కసారే గుర్తొచ్చారు. మత్స్యన్యాయం అని మనం రాజనీతిలో వాడే మాటను ఇక్కడ చేపే చెబుతోంది. అదీ న్యాయమని కాదు, కాపాడమని.

ఈ కథలో అవతారం అన్న మాట లేదు. చేప ఫలానా దేవుడని చెప్పడం ఆ తర్వాతి గ్రంథాల్లోకి వచ్చింది. ఇక్కడ మనువు చేతిలో ఉన్నది వట్టి చేపపిల్ల. ఏ జాతిదో, రేపు ఏమవుతుందో అతనికి తెలియదు. వరద సంగతి అది చెప్పింది నిజమే, కానీ దోసిట్లో పట్టే చేపపిల్ల ఓడ లాగుతుందంటే ఎవరు నమ్ముతారు? అయినా కుండలో నీళ్ళు పోశాడు. తెలిశాక కాపాడలేదు మనువు. కాపాడుతూ పోయాడు కాబట్టి అదెంతదో తెలిసింది.

మా శాస్త్రంలో వరస తిరగబడి ఉంటుంది. ముందు తెలుసుకోవాలి, లెక్క తేలాలి, పట్టికలో చేర్చాలి, అప్పుడు కాపాడాలి. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. తిమింగల సొర అందులోని మొదటి షెడ్యూలులోకి చేరింది 2001లో. ఆ లోపు చచ్చినవాటికి ఆ పట్టికతో పనిలేదు.

అయితే తినడం మానేయాలా? మా ఇంటి సంగతే చెబుతాను. వలలో సముద్రపు తాబేలు పడితే తాత దానికి పసుపు రాసి, దండం పెట్టి, నీళ్ళలో వదిలేవాడు. శ్రీకూర్మం స్వామి అనేవాడు. చేపకూ పసుపు రాసేవాళ్ళం, వండుకోవడానికి. మత్స్యమూ అవతారమే, కూర్మమూ అవతారమే. డ్యూయీ లెక్కలో కూడా తాబేలు 597లోనే, చేప పక్కనే ఉంటుంది. ఒకదానికి దండం, ఒకదానికి ఉప్పూకారం ఏ న్యాయమని చిన్నప్పుడు అడిగితే అమ్మ, "అన్నీ ఒగ్గీస్తే మనం పస్తు. అన్నీ తినీస్తే గంగమ్మ పస్తు. తినీదాని పక్కన ఒగ్గీసిందొకటి ఉండాల" అంది. తర్కానికి ఇది నిలుస్తుందో లేదో నాకు తెలియదు. బతుక్కు మాత్రం నిలిచింది.

అదే శతపథ బ్రాహ్మణంలో, అదే మొదటి కాండంలో, చేప కథకు కొన్ని పుటల ముందే ఇంకో మాట ఉంది. మనిషి పుట్టుకతోనే నలుగురికి అప్పుపడతాడు. దేవతలకు, ఋషులకు, పితరులకు, మనుషులకు. ఋషుల అప్పు చదువుతో తీరుతుందట. ఇంకొన్ని పుటలు తిప్పితే చేప. ఆ పట్టికలో చేప లేదు. ప్రాణులకు ఇంత పెట్టమని భూతయజ్ఞం చెప్పారు కదా అని పెద్దలు గుర్తుచేస్తారు. చెప్పారు. కానీ నేను అడిగేది పిడికెడు మెతుకుల గురించి కాదు. చదువు ఋషుల అప్పు తీరుస్తుందేమో గానీ, ఆ చదువే కొత్త అప్పు చేస్తుంది. దేన్ని చదివామో దానికి, దాని పేరు చెప్పినవారికి. లైబ్రరీలో పుస్తకం తీసుకుంటే తిరిగివ్వాల్సిన తేదీ వెనకట్ట మీద ముద్ర వేస్తారు. ప్రాణి దగ్గర తీసుకున్న తెలివికి అలాంటి ముద్ర ఎక్కడా ఉండదు కాబట్టి, అది మన సొంతమనుకుంటాం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో ఇంజను పడవల వేట నిలిపేస్తారు. గుడ్లు పెట్టే చేపలకు ఊపిరి సలపడానికి. ఏ జాతి ఎప్పుడు గుడ్లు పెడుతుందో తిథి, వారాలతో తేల్చి చేసిన ఏర్పాటు కాదది. అన్ని జాతులకూ ఒకే గడువు. శాస్త్రజ్ఞురాలిగా దానిలో లోపాలు చెప్పగలను. ఆ రెండు నెలలు అమ్మ తట్ట ఎలా తేలికవుతుందో, అప్పు పుస్తకం ఎలా బరువవుతుందో కూడా చెప్పగలను. అయినా దాన్ని కాదనలేను. పూర్తిగా తెలియకముందే పోసిన కుండెడు నీళ్ళు అవి.

ఇప్పుడు నేనొక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. నా సిద్ధాంతగ్రంథం ప్రతి ఒకటి ఆ లైబ్రరీలోనే ఉంది. మొదటి పుటలో రాస్ట్రెల్లిజర్ కానగుర్త అన్న పేరు కింద, నాకు చేపను చూపించి చెప్పిన జాలారిపేట మనుషుల పేర్లున్నాయి. వాటిలో మొదటిది మా అమ్మది. తన పేరు అచ్చులో ఎక్కడుందో వేలితో చూపించమని అడిగి, ఆ చోట కాసేపు వేలు పెట్టి ఉంచింది. అప్పుడు చెప్పాను: "సచ్చిపోయిన సేపలోన నాలుగేళ్ళు నా అప్పులు సదువుకున్నానే అమ్మా." "అప్పు సదివితే తీరదే, కట్టాల" అంది.

చేపో, కొంగో, తాబేలో, ఏ ప్రాణి మీద పరిశోధనకు కూర్చున్న పిల్లలకైనా నేను చెప్పేది ఒకటే. లైబ్రరీకి తప్పకుండా వెళ్ళండి, నాలుగు అరలూ తిరగండి. మీ గ్రంథం మొదటి పుటలో మాత్రం ఆ ప్రాణి శాస్త్రీయనామం కింద, దాని అసలు పేరు మీకు చెప్పినవాళ్ళ పేర్లు రాయండి. బాకీ కట్టడం అక్కడ మొదలుపెట్టవచ్చు.